రేనమ్ హాల్: దొరసాని దయ్యమైన వైనం

1936 డిసెంబరు 26న లండన్ వారపత్రిక ‘కంట్రీ లైఫ్’ ఒక పాత బంగళాలోని మెట్లదారి ఫోటోను అచ్చువేసింది. వెడల్పాటి చెక్క మెట్లు, పక్కన బరువైన రెయిలింగ్, మెట్ల నడుమ మేలిముసుగు వేసుకున్నట్టు కనిపించే తెల్లని ఆకారం ఒకటి అందులో ఉన్నాయి. ఆ ఆకారానికి ముఖం లేదు, పాదాలు లేవు. కిందికి వచ్చేకొద్దీ వెడల్పయ్యే దుస్తుల్లాంటి పొగ మాత్రం ఉంది, దాని గుండా వెనకనున్న మెట్ల అంచులు తెలుస్తూనే ఉంటాయి. మరో తొమ్మిది రోజులకు, అంటే 1937 జనవరి 4 సంచికలో, అమెరికా పత్రిక ‘లైఫ్’ కూడా ఆ ఫోటోను వేసుకుంది. అప్పటి నుంచి ప్రపంచంలో ఎక్కడ దయ్యాల ఫోటోల ప్రస్తావన వచ్చినా ఈ మెట్లదారి రాకుండా పోదు.

ఆ మెట్లున్న ఇల్లు ఇంగ్లండ్ తూర్పు తీరానికి చేరువలో, నార్ఫోక్ కౌంటీలోని ఫేకెనమ్ పట్టణం దగ్గరున్న రేనమ్ హాల్. ఫోటోలోని ఆకారం డోరతీ వాల్పోల్ అనే దొరసానిదని, గోధుమరంగు జరీ దుస్తుల్లో తిరుగుతుంది కాబట్టి ఆమెను ‘బ్రౌన్ లేడీ’ అంటారని కథనం. డోరతీ చనిపోయింది 1726లో. ఆమెను ఆ ఇంట్లో చూశామని చెప్పినవారిలో పేరున్న మొదటి సాక్షి 1835కు చెందినవాడు. ఆ ఇద్దరికీ మధ్య నూట తొమ్మిదేళ్లు ఉన్నాయి. మామూలుగా ఒక సంఘటన పాతబడేకొద్దీ దాని వివరాలు మసకబారతాయి. ఇక్కడ మాత్రం మరణానికి దూరం జరిగేకొద్దీ దయ్యం రూపురేఖలు తేటపడుతూ వచ్చాయి. మొదట పుకారు, తర్వాత కళ్లగుంటలు కనిపించేంత దగ్గరి దర్శనం, ఆ తర్వాత చేతిలో దీపం, చివరకు ఫోటో. బ్రౌన్ లేడీ కథను చదవవలసింది ఈ క్రమంలోనే. దయ్యం ఉందా లేదా అన్న వాదన కన్నా, ఏ తరం ఆ కథకు ఏమి చేర్చింది, ఎందుకు చేర్చింది అన్నదే ఎక్కువ చెబుతుంది.

టౌన్‌సెండ్ కుటుంబం 15వ శతాబ్దం నాటికే రేనమ్‌లో స్థిరపడింది. న్యాయవాద వృత్తిలోనూ, గొర్రెల పెంపకంలోనూ సంపాదించి భూములు కొన్న వంశం అది. ఇప్పుడున్న బంగళాకు 1619లో పునాదులు తవ్వించినవాడు సర్ రోజర్ టౌన్‌సెండ్. అతడు మరుసటి ఏడాది తన మేస్త్రీ విలియం ఎడ్జ్‌ను వెంటబెట్టుకుని, కొత్త రకం కట్టడాలను చూసి రావడానికి ఐరోపా వెళ్లాడు. ఆ ప్రయాణపు ఛాయలు ఇంటి ముఖభాగంలో ఇప్పటికీ కనిపిస్తాయి: ఎర్ర ఇటుక గోడలు, డచ్ పద్ధతిలో వంపు తిరిగిన పైకప్పు అంచులు, నడుమ ఇటలీ తరహా స్తంభాలు. ఇనిగో జోన్స్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి దీన్ని రూపొందించాడని చాలాకాలం చెప్పుకున్నారు, యజమానీ మేస్త్రీ కలిసి చూసివచ్చి కట్టించుకున్నారన్న మాటకే నేడు బలం ఎక్కువ. 1637లో సర్ రోజర్ చనిపోయేనాటికి ఇల్లు పూర్తికాలేదు. లోపలి గదులకు ఇప్పుడున్న వైభవం మరో వందేళ్లకు, అతడి మనవడు, రెండో వైకౌంట్ (ఒక దొరతనపు బిరుదు) చార్లెస్ టౌన్‌సెండ్, విలియం కెంట్ అనే కళాకారుడి చేత పైకప్పుల చిత్రాలు, చెక్కడాలు చేయించినప్పుడు వచ్చింది. బ్రౌన్ లేడీ కథలో క్రూరుడైన భర్త పాత్ర ఇతడిదే.

చార్లెస్ టౌన్‌సెండ్ పేరు ఇంగ్లండ్ పాఠ్యపుస్తకాలలో ‘టర్నిప్ టౌన్‌సెండ్’గా ఉంటుంది. 1730లో రాజకీయాలు వదిలి రేనమ్‌కు తిరిగివచ్చి, గోధుమ, టర్నిప్ దుంప, బార్లీ, క్లోవర్ గడ్డి వరుసగా వేసే నాలుగేళ్ల పంట మార్పిడిని తన పొలాల్లో పట్టుదలగా నడిపించాడు. శీతాకాలంలో పశువుల మేతకు టర్నిప్ పనికివచ్చేది, క్లోవర్ నేలకు సారం తెచ్చేది, పొలాన్ని బీడుగా వదలవలసిన అవసరం తగ్గేది. ఆయన విందుల్లో కూడా టర్నిప్‌ల గురించే మాట్లాడేవాడని వేళాకోళం ఉండేది, అలెగ్జాండర్ పోప్ కవితలో కూడా ఆ దుంపలకు చోటు దొరికింది. అయితే నార్ఫోక్ రైతులు 17వ శతాబ్దం మధ్య నుంచే టర్నిప్ పండిస్తున్నారని, టౌన్‌సెండ్ చేసింది ప్రచారమే కాని ఆవిష్కరణ కాదని వ్యవసాయ చరిత్రకారులు ఏనాడో తేల్చేశారు. ఒకే మనిషికి రెండు పురాణాలు పుట్టాయి: ఒకటి పొలంలో, ఒకటి మేడమీద. మొదటిదాన్ని చరిత్రకారులు సరిదిద్దారు. రెండోదాన్ని సరిదిద్దే తీరిక ఎవరికీ లేకపోయింది, ఎందుకంటే చాలామందికి దానితో పని ఉంది.

కథ ఇలా నడుస్తుంది. చార్లెస్, డోరతీ చిన్ననాటి ప్రేమికులు. డోరతీ తండ్రి చార్లెస్‌కు సంరక్షకుడు. తన సంరక్షణలో ఉన్న ధనికుడికి కూతురిని కట్టబెట్టాడన్న నింద వస్తుందని తండ్రి ఆ పెళ్లి వద్దన్నాడు. చార్లెస్ వేరే పెళ్లి చేసుకున్నాడు. మనసు విరిగిన డోరతీ స్త్రీలోలుడిగా పేరుపడ్డ లార్డ్ వార్టన్‌కు ఉంపుడుగత్తె అయింది. మొదటి భార్య పోయాక చార్లెస్ డోరతీని పెళ్లాడాడు, పాత సంబంధం సంగతి ఆలస్యంగా తెలిసి మండిపడ్డాడు, ఆమెను మేడమీద గదిలో పెట్టి తాళం వేశాడు, పిల్లలను దగ్గరికి రానివ్వలేదు. ఆమె అక్కడే చనిపోయింది. గుండె పగిలి అని కొందరు, మెట్లమీద నుంచి తోసేస్తే మెడ విరిగి అని మరికొందరు చెబుతారు.

తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ కథలో మొదట కూలేది బాల్యప్రేమ. తండ్రి వాల్పోల్ సంరక్షకుడన్నది నిజమే. కాని చార్లెస్ తన మొదటి భార్య ఎలిజబెత్ పెలమ్‌ను పెళ్లాడింది 1698లో. డోరతీ పుట్టింది 1686లో. ఇరవై నాలుగేళ్లవాడు పన్నెండేళ్ల పిల్లకోసం విరహపడ్డాడని నమ్మితే తప్ప కథ ముందుకు కదలదు. ఎలిజబెత్ 1711లో చనిపోయింది, 1713లో చార్లెస్ డోరతీని చేసుకున్నాడు, అప్పటికి ఆమెకు ఇరవయ్యారు, ఇరవయ్యేడేళ్లు. ఆ కాలపు దొరల కుటుంబాల్లో అది ఆలస్యపు పెళ్లే, దాని చుట్టూ గుసగుసలు పుట్టడానికి ఆ ఆలస్యం చాలు. లార్డ్ వార్టన్ 1715లోనే చనిపోయాడు. డోరతీకి వరుసగా పిల్లలు పుట్టారు, వారిలో ఎడ్వర్డ్ తర్వాతి కాలంలో నార్విచ్ ప్రధాన చర్చికి డీన్ అయ్యాడు. పెళ్లయిన కొద్దికాలానికే గదిలో బంధించబడిన భార్య అన్న చిత్రం ఈ వివరాలతో పొసగదు.

ఆమె మరణానికి నమోదైన కారణం మశూచి. ఇందులో ఒక విచిత్రం ఉంది. డోరతీ చనిపోవడానికి ఐదేళ్ల ముందు, 1721లో, రాయబారి భార్య లేడీ మేరీ వర్ట్‌లీ మాంటెగ్యూ తుర్కీలో చూసి నేర్చుకున్న మశూచి టీకా పద్ధతిని లండన్‌లో తన కూతురికి వేయించింది. అదే ఏడాది ఆగస్టులో న్యూగేట్ జైలులో మరణశిక్ష పడ్డ ఆరుగురు ఖైదీలకు క్షమాభిక్ష ఆశచూపి ఆ టీకా పరీక్షించారు, ఆరుగురూ బతికారు. అప్పుడు దేశానికున్న ఇద్దరు సెక్రటరీ ఆఫ్ స్టేట్ (పెద్ద మంత్రి)లలో ఒకడు చార్లెస్ టౌన్‌సెండే. అంటే మశూచిని ఆపే దారి ఒకటుందని రాజధానిలో అందరికన్నా ముందు తెలిసిన ఇళ్లలో ఆ ఇల్లు ఒకటి. అయినా ఇంటి ఇల్లాలు ఆ జబ్బుతోనే పోయింది. మశూచి సోకినవారిని ఆ రోజుల్లో విడిగా గదిలో ఉంచేవారు, పిల్లలను దరిదాపులకు రానిచ్చేవారు కాదు, అద్దాలు తీసేసేవారు, చనిపోతే త్వరత్వరగా పాతిపెట్టేవారు. మూసిన తలుపు, తల్లికి దూరమైన పిల్లలు, ఎవరూ చూడని శవం. తాళం వేసిన భర్త కథకు కావలసిన సరంజామా అంతా ఒక అంటురోగపు గదిలోనే దొరుకుతుంది. పుకారు ఇలాగే పుట్టిందని రుజువు చూపలేం కాని, ఇది అసహజమైన ఊహ కాదు.

డోరతీ పేరు లండన్ దర్బారులో పలికిన సందర్భాలు అసలు వేరు. ఆమె అన్న రాబర్ట్ వాల్పోల్, తర్వాత బ్రిటన్ మొదటి ప్రధానమంత్రిగా పేరుపొందినవాడు. 1721 నుంచి ప్రభుత్వాన్ని నడిపిన జంట వాల్పోల్, టౌన్‌సెండ్. ఆ ఇద్దరు బావమరదుల మధ్య ఆమే వంతెన. పాలనా సంస్థ ‘టౌన్‌సెండ్ అండ్ వాల్పోల్’గా ఉన్నంతకాలం అంతా సవ్యంగా సాగిందని, అది ‘వాల్పోల్ అండ్ టౌన్‌సెండ్’ కాగానే చెడిందని వాల్పోల్ అన్నట్టు చెబుతారు. రేనమ్‌కు పదిమైళ్ల దూరంలో వాల్పోల్ కట్టించుకుంటున్న హౌటన్ హాల్ అంతకంతకూ పెద్దదవుతూ ఉంటే, పాత వంశంవాడైన బావకు అది కంటగింపు కాకుండా ఎలా ఉంటుంది? 1726లో డోరతీ పోయింది, నాలుగేళ్లలో టౌన్‌సెండ్ పదవి వదిలేశాడు. ఆమె మరణంతో ఆ బంధం సడలిపోయిందని 18వ శతాబ్దపు రాజకీయ చరిత్ర రాసినవారు పదేపదే చెప్పారు. చరిత్రలో ఆమె రెండు అధికార కుటుంబాలను కలిపి ఉంచిన మనిషి, దయ్యం కథలో తాళం వెనక ఏడ్చే బందీ. మొదటి పాత్ర గురించి చదివేవారు తక్కువ, రెండోది ఫోటోతో సహా దొరుకుతుంది.

ఈ వంశానికి తెలుగువారి తీరంతో కూడా ఒక నిజమైన ముడి ఉంది. చార్లెస్ మొదటి భార్య కొడుకు, తర్వాత మూడో వైకౌంట్ అయినవాడు, 1723లో ఎతెల్‌డ్రెడా హారిసన్‌ను పెళ్లాడాడు. ఆమె తండ్రి ఎడ్వర్డ్ హారిసన్ 1711 నుంచి 1717 వరకు మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరు. కోరమాండల్ తీరంలో తెలుగు, తమిళ నేతగాళ్లు నేసిన బట్టల మీద ఈస్టిండియా కంపెనీ లాభాలు గడిస్తున్న కాలమది, కోట గవర్నర్లు సొంత వ్యాపారాలతో కూడబెట్టుకుని స్వదేశంలో ఎస్టేట్లు కొనేవారు. హారిసన్ ఎస్టేటు బాల్స్ పార్క్ ఆ విధంగా టౌన్‌సెండ్‌ల చేతికి వచ్చింది. ఎతెల్‌డ్రెడా మాటకారిగా, లోకనింద లెక్కచేయని మనిషిగా లండన్‌లో ప్రసిద్ధురాలు, భర్తతో విడిపోయి తన దారిన తాను బతికింది. ఆమె పెద్ద కొడుకు జార్జి 1759లో క్విబెక్ యుద్ధంలో జనరల్ వుల్ఫ్ చనిపోయాక సేనాపత్యం తీసుకున్నాడు. రెండో కొడుకు చార్లెస్ 1767లో అమెరికా వలసలపై తేయాకు, గాజు, కాగితం వగైరాల మీద వేసిన సుంకాలు బోస్టన్ రేవులో తేయాకు పెట్టెలు నీళ్లపాలయ్యేదాకా తెచ్చాయి. ఇంత కథ ఉన్న ఎతెల్‌డ్రెడా దయ్యం కాలేదు. దయ్యమయ్యే అర్హత ఎప్పుడూ నోరు మెదపకుండా బాధపడ్డ ఇల్లాలికే దక్కుతుందేమో.

ఇక సాక్షుల విషయం. 1835 క్రిస్మస్‌కు రేనమ్‌లో విందు ఇచ్చినవాడు లార్డ్ చార్లెస్ టౌన్‌సెండ్. అతిథుల్లో ఒకడైన కల్నల్ లోఫ్టస్, ఇంటి యజమానురాలి పుట్టింటి బంధువు. రాత్రి పొద్దుపోయాక పడకగదికి వెళుతూ అతడూ, హాకిన్స్ అనే మరో అతిథీ పాతకాలపు గోధుమరంగు దుస్తుల్లో ఉన్న స్త్రీని చూశారట. మరుసటి రాత్రి లోఫ్టస్‌కు ఆమె మళ్లీ ఎదురైంది, ఈసారి ముఖంలో వెలుగు ఉంది, కళ్లు ఉండవలసిన చోట చీకటి గుంటలు ఉన్నాయి. విషయం పొక్కి నౌకర్లు కొందరు పని మానేశారని కూడా కథనం. ఈ సంగతులు మనకు అందింది లోఫ్టస్ రాతలో కాదు, లూసియా స్టోన్ అనే ఆమె చెప్పిన కథనం ద్వారా. ఆ ఇంట్లో అప్పటికి డోరతీ చిత్తరువు గోడకు వేలాడుతూ ఉంది, అందులో ఆమె వేసుకున్నది గోధుమరంగు దుస్తులే. పగలంతా చూసిన చిత్తరువునే చలికాలపు రాత్రి, విందు ముగిశాక, కొవ్వొత్తి వెలుగులో మళ్లీ చూడటం మనుషులకు సాధ్యమేనన్నది గుర్తుంచుకోవాలి. దయ్యం కట్టిన బట్ట చిత్తరువులోని బట్ట కావడం ఆమె గుర్తింపుకు రుజువని కొందరు చెబుతారు, అదే వివరం రెండో వైపు కూడా అంతే బలంగా మొగ్గుతుంది.

అన్నిటికన్నా రంజైన కథ కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్‌ది. నౌకాదళంలో పేరుమోసిన అధికారి, మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నవాడు, సముద్ర నవలలు రాసి కీర్తి గడించినవాడు. ఇంగ్లిష్ చానల్‌లో దొంగ రవాణాను అరికట్టే ఓడకు కొంతకాలం నాయకుడు కూడా. నార్ఫోక్ తీరంలో దొంగసరుకు దించేవాళ్లే జనాన్ని దూరంగా ఉంచడానికి దయ్యం పుకారు పుట్టించారని అతడి అనుమానం, ఆ వృత్తిలో పనిచేసినవాడికి రావలసిన అనుమానమే. చిత్తరువున్న గదినే అడిగి తీసుకుని, దిండుకింద తుపాకీ పెట్టుకుని పడుకున్నాడు. మూడో రాత్రి ఇద్దరు యువకులతో నడవాలో వస్తూ ఉండగా చేతిలో దీపంతో ఒక స్త్రీ ఎదురుగా రావడం చూసి, తాము సరైన దుస్తుల్లో లేమన్న మొహమాటంతో తలుపు చాటుకు తప్పుకున్నారు. ఆమె దగ్గరికి వచ్చి, దీపం ముఖం దాకా ఎత్తి, వాళ్లవైపు చూసి పైశాచికంగా పళ్లికిలించింది. మారియట్ ఎదురుగా దూకి కాల్చాడు. ఆకారం మాయమైంది, గుండు ఎదుటి తలుపులో దిగబడింది.

చదవడానికి ఇంత బాగున్న కథను ఎవరు, ఎప్పుడు రాశారన్నది చూడాలి. రాసింది మారియట్ కాదు, అతడి కూతురు ఫ్లోరెన్స్. ఆమె పుట్టింది 1833లో, రాసింది 1891లో. సంఘటన జరిగిన ఏడాదిగా సాధారణంగా చెప్పే 1836లో ఆమెకు మూడేళ్లకు మించి ఉండవు, రాసేనాటికి తండ్రి పోయి నలభై ఏళ్లు దాటింది. పైగా ఆ 1836లో మారియట్ ఎక్కువకాలం బ్రస్సెల్స్‌లో కాపురమున్నాడని అతడి జీవితచరిత్రలు చెబుతాయి. ఫ్లోరెన్స్ అప్పటికి ఆత్మలతో సంభాషిస్తామనేవారి (మీడియంల) ఉద్యమంలో ప్రముఖురాలు, మరణం తర్వాత జీవితం ఉందని నిరూపించడానికే ఆ పుస్తకం రాసింది. ఆమె అబద్ధమాడిందని అనవలసిన పనిలేదు. ఇంట్లో తండ్రి విందుల్లో చెప్పే కథ, అందులోనూ కథలల్లడమే వృత్తిగా గల తండ్రి చెప్పే కథ, అర్ధశతాబ్దం నోట నాని వచ్చాక ఎంత మిగులుతుంది, ఎంత పెరుగుతుంది అన్నది తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు, మన ఊళ్లలో ప్రతి దివాణానికీ ఇలాంటి తాతగారి తుపాకీ కథ ఒకటి ఉంటుంది.

1891కి ఇంకో ప్రాముఖ్యం ఉంది. అదే ఏడాది మార్చిలో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు జాక్సన్ కేసులో, భర్తకు భార్యను ఇంట్లో నిర్బంధించే హక్కు లేదని స్పష్టంగా తీర్పు చెప్పింది. భార్యను ఎత్తుకువచ్చి ఇంట్లో పెట్టి కాపలా వేసిన ఒక భర్త తనది హక్కేనని వాదించడంతో ఆ కేసు దేశమంతా చర్చకు వచ్చింది. అంటే తాళం వేసిన భర్త కథ విక్టోరియా కాలపు పాఠకులకు గతకాలపు వింత కాదు, అప్పటిదాకా చట్టం గట్టిగా కాదనని విషయం. డోరతీ విషయంలో అది నిజమైనా కాకపోయినా, ఆ కాలపు స్త్రీలు దాన్ని నమ్మడానికి సొంత కారణాలున్నాయి. బ్రౌన్ లేడీ జనాదరణలో ఈ పొరను దయ్యాల పుస్తకాలు పట్టించుకోకపోవడం విచారకరం.

కుటుంబంలోనే మరో మరణాల లెక్క ఉంది, దానికి దయ్యాలు లేవు. మేజర్ జనరల్ చార్లెస్ టౌన్‌సెండ్ రేనమ్ వంశంవాడే, వంశపు పెద్దకు దక్కే మార్క్వెస్ బిరుదు తనకు వస్తుందని ఆశపడ్డవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలోని కూట్ పట్టణంలో ఆరో భారత డివిజన్‌తో ముట్టడిలో చిక్కుకుని 1916 ఏప్రిల్ 29న తుర్కులకు లొంగిపోయాడు. బందీలైన దాదాపు పదమూడు వేలమందిలో ఎక్కువమంది భారతీయులు. వేలమంది ఎడారి నడకల్లో, శిబిరాల్లో ఆకలితో, జబ్బులతో చనిపోయారు. జనరల్‌ను మాత్రం ఇస్తాంబుల్ దగ్గరి దీవిలో మర్యాదగా ఉంచారు. రెండు వారాలు గడిచాక రేనమ్ యజమానికి కొడుకు పుట్టడంతో ఆ వారసత్వపు ఆశ కూడా పోయింది. జనరల్ సమాధి రేనమ్ హాల్ పక్కనున్న చర్చిలో ఉంది. ఒక ఇంటి మెట్లమీద ఎవరు నడుస్తారో నిర్ణయించేది బాధ పరిమాణం కాదని దీనివల్ల తేలుతుంది.

అలా పుట్టిన వారసుడు జార్జి ఐదేళ్లకే తండ్రిని పోగొట్టుకుని ఏడో మార్క్వెస్ అయ్యాడు. ఎస్టేటు అప్పటికే ఇబ్బందుల్లో ఉంది. 1870ల నుంచి ధాన్యం ధరలు పడిపోవడంతో నార్ఫోక్ భూస్వాములు నలిగిపోయారు. 1904లో టౌన్‌సెండ్‌ల వంశపారంపర్య చిత్రాలు లండన్‌లో వేలానికి వెళ్లాయి, డోరతీ చిత్తరువు కూడా అలాగే చేజారిందని చెబుతారు. ఇంటిని, కొడుకునూ సంభాళించిన తల్లి గ్లాడిస్ రచయిత్రి, కింగ్స్ లిన్ పట్టణానికి మేయర్‌గా చేసిన చురుకైన మనిషి. 1926లో కొడుకు, అతడి స్నేహితుడు మెట్లమీద ఆ దొరసానిని చూశారని లోకానికి చెప్పింది ఆమే. 1936లో మరొక రచయిత్రితో కలిసి నిజమైన దయ్యాల కథల సంకలనం ఒకటి వెలువరించింది. రేనమ్‌లో బ్రౌన్ లేడీయే కాక, 1685లో తల తెగిన మన్మత్ డ్యూకు ఆత్మ, పిల్లల ఆత్మలు, చివరకు ఒక కుక్క ఆత్మ కూడా ఉన్నట్టు పేరు. మెట్లదారి ఫోటో తీసింది కూడా ఆ 1936లోనే. పుస్తకం, ఫోటో ఒకే ఏడాది రావడం కుట్రకు రుజువు కాదు, కాని ఆ ఇంటికి వచ్చిన ఫోటోగ్రాఫర్లు మెట్లెక్కేటప్పుడు దయ్యం సంగతి తెలియని అమాయకులు అన్న వాదనను అది బలహీనపరుస్తుంది.

ఫోటోగ్రాఫర్లు ఇద్దరు: కెప్టెన్ హ్యూబర్ట్ ప్రొవాండ్, ఇంద్రే షిరా అనే వ్యాపారనామంతో పనిచేసే మరో వ్యక్తి. సెప్టెంబరు 19 సాయంత్రం నాలుగు గంటలకు ప్రొవాండ్ నల్లగుడ్డ కింద తలపెట్టి కెమెరా చూస్తున్నాడు. ఫ్లాష్ పట్టుకుని వెనక నిలబడ్డ షిరాకు మెట్లు దిగుతున్న పారదర్శకమైన ఆకారం కనిపించిందట. కేక వేయగానే ప్రొవాండ్ కటకం మూత తీశాడు, షిరా ఫ్లాష్ వెలిగించాడు. ప్రొవాండ్ ఏమీ చూడలేదు, నీకు భ్రమ కలిగిందన్నాడు. తర్వాత తమ స్టూడియోలో నెగెటివ్ కడుగుతున్నప్పుడు ఆకారం తేలడంతో షిరా కింది అంతస్తుకు పరుగెత్తి అక్కడి దుకాణంలోని కెమిస్టును సాక్షిగా పిలుచుకువచ్చాడు. ఆ కెమిస్టు చూసింది హైపో (బొమ్మను చెరగకుండా నిలిపే రసాయనం) ద్రావణంలోంచి బయటికి వస్తున్న నెగెటివ్‌ను. ఆ తర్వాత దానిమీద గీతలు, మెరుగులు పెట్టలేదని అతడు చెప్పగలడు. రేనమ్‌లో అది కెమెరాలో ఉన్నప్పుడు ఏం జరిగిందో చెప్పలేడు. సాక్ష్యం ఉంది, అయితే అడగవలసిన ప్రశ్నకు కాదు.

దయ్యాల పరిశోధకుడిగా పేరున్న హ్యారీ ప్రైస్ ఇద్దరినీ విచారించాడు. కథ సాదాగా ఉందని, తాను కదిలించలేకపోయానని, నెగెటివ్‌లో మోసం కనిపించలేదని, ఇది నకిలీ అయితే ఇద్దరూ కూడబలుక్కుని ఉండాలని తేల్చాడు. ఇదే ప్రైస్ 1922లో విలియం హోప్ అనే ‘ఆత్మల ఫోటోగ్రాఫర్’ను పట్టించినప్పుడు చేసింది వేరు: ముందుగానే రహస్యపు గుర్తులు వేసిన గాజు ప్లేట్లు ఇచ్చి, హోప్ వాటిని మార్చేయడాన్ని బయటపెట్టాడు. ఆ పరీక్షకు బలం ముందుజాగ్రత్తలో ఉంది. రేనమ్ విషయంలో ప్రైస్‌కు మిగిలింది ఇద్దరి మాట మాత్రమే, మాటను బట్టి మనిషి నిజాయితీని కొంత అంచనా వేయవచ్చు కాని, కటకం గుండా ఏ కాంతి వచ్చిందో తెలియదు. తర్వాతి కాలంలో, దయ్యాల ఇల్లుగా పేరుపడ్డ బోర్లీ రెక్టరీ వ్యవహారంలో ప్రైస్ సొంత నిజాయితీ మీదే, అతడి మరణానంతరం, సాటి పరిశోధకులు గట్టి ఆరోపణలు చేశారు.

ఫోటోనే జాగ్రత్తగా చూసినవారు చెప్పిన విషయాలు ఎక్కువ పనికివస్తాయి. ప్రతి మెట్టు అంచుకు పైన సన్నని లేతగీత ఒకటి అదనంగా ఉంది. కుడివైపు రెయిలింగ్ పైన పడిన వెలుగు మరక రెండుచోట్ల కనిపిస్తుంది. ఒకే నెగెటివ్‌పై ఒకే దృశ్యం కొద్ది తేడాతో రెండుసార్లు పడితే వచ్చే గుర్తులివి. అది కావాలని చేసిందే కానక్కరలేదు. ఆనాటి పద్ధతిలో చీకటి మెట్లదారిని తీయాలంటే కటకాన్ని కాసేపు తెరిచి ఉంచి, నడుమ ఫ్లాష్ వెలిగించేవారు. గది వెలుతురు ఒక బొమ్మను, ఫ్లాష్ మరొక బొమ్మను గీస్తాయి. కేకతో ఉలిక్కిపడ్డ మనిషి తొందరలో కెమెరాను వెంట్రుకవాసి కదిపినా అంచులు జంటగా పడతాయి. అయితే ఆ కదలిక లేతగీతలను వివరిస్తుందే కాని, నడుమనున్న ముసుగు ఆకారాన్ని పూర్తిగా వివరించదు. దానికి కటకంపై జిడ్డు, కెమెరాలోకి చొరబడ్డ వెలుతురు, మేరీమాత విగ్రహం ఉన్న మరో బొమ్మ కలవడం అని రకరకాల ఊహలున్నాయి. చివరిది ఎక్కువమందికి నచ్చడానికి కారణం ఆకారపు పోలిక. తల వంచిన ముసుగు, చేతులు కలిపినట్టున్న పై భాగం, కిందికి జారే అంగీ చర్చి విగ్రహాన్నే గుర్తుచేస్తాయి. చిత్తరువులోని డోరతీకి, ఈ ఆకారానికి మధ్య దుస్తుల్లో గాని, రంగులో గాని, నిలువులో గాని పోలిక లేదు. నలుపు తెలుపు ఫోటోలో తెల్లగా మెరిసే బొమ్మను గోధుమరంగు దొరసాని అని గుర్తుపట్టింది కెమెరా కాదు, నూరేళ్లుగా నలిగిన కథ.

ఏడో మార్క్వెస్ జార్జి 2010లో తొంభై మూడేళ్ల వయసులో చనిపోయాడు, ఎనభై ఎనిమిదేళ్లపాటు ఒకే బిరుదు ధరించాడు, నడుమ ఆంగ్లియా టెలివిజన్ సంస్థకు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్నాడు. 1936 తర్వాత బ్రౌన్ లేడీ చెప్పుకోదగ్గ దర్శనమేదీ ఇవ్వలేదని దయ్యాల పుస్తకాలే ఒప్పుకుంటాయి. ఆమెను హౌటన్ హాల్‌కు చెందిన దయ్యంగా చెప్పే శాఖ కూడా ఒకటుంది: రాజప్రతినిధిగా ఉన్న రోజుల్లో నాలుగో జార్జి నిద్రలేచి ఆమెను చూసి ఆ ఇంట్లో ఇంకో గంట కూడా ఉండనన్న కథను కొందరు రేనమ్‌కు, కొందరు హౌటన్‌కు అంటగడతారు. పుట్టింటి మీద మమకారంతో అక్కడ తిరుగుతుందన్నది హౌటన్ పక్షంవారి సమర్థన. ఇప్పటి హౌటన్ హాల్‌ను రాబర్ట్ వాల్పోల్ కట్టడం మొదలుపెట్టింది 1722లో, పని ముగిసింది 1735లో. డోరతీ పుట్టి పెరిగిన పాత ఇంటిని ఆ కొత్త మేడ కోసం కూల్చేశారు, ఆమె చనిపోయేనాటికి కొత్తది ఇంకా గోడల దశ దాటి పూర్తికాలేదు.